నూకలూ రవ్వలూ లేని వేడి జావ: పది నిమిషాల్లో తక్కువ కార్బ్ అల్పాహారం

ఓట్సుతోనో, రవ్వతోనో, నూకలతోనో కాచే జావ చిక్కబడేది వాటిలోని పిండి వల్ల. సెగ తగిలితే పిండి రేణువులు నీళ్ళు పీల్చుకుని ఉబ్బుతాయి, ఉడికేకొద్దీ జావ దగ్గరపడుతుంది. ధాన్యం తీసేస్తే ఆ పిండి కూడా పోతుంది. గింజలతో చేసే జావకి చిక్కదనం ఇచ్చేది అవిసె, చియా గింజల పైపొరలో ఉండే జిగురు. ఆ జిగురు ఊరడానికి మంటతో పెద్దగా పని లేదు, కాసిని నీళ్ళూ నాలుగైదు నిమిషాల వ్యవధీ చాలు.

కాబట్టి ఇందులో మొదట వదిలించుకోవాల్సిన అలవాటు, చిక్కబడేదాకా పొయ్యి మీద ఉడికించడం. పలచగా ఉండగానే దించాలి. మిగతా చిక్కదనం మూత కింద అదే వస్తుంది. పొయ్యి మీదే గట్టిపడిన జావ తినే వేళకి గరిటెకి అతుక్కునే ముద్దవుతుంది.

ధాన్యం లేదంటే కార్బ్స్ తక్కువని కాదు

ఈ రెండింటినీ ఒకటే అనుకుని దెబ్బ తినేవాళ్ళు చాలామంది. సగ్గుబియ్యం ధాన్యం కాదు, దుంప నుంచి తీసిన పిండి. కానీ అందులో దాదాపు అంతా పిండిపదార్థమే, అంటే కార్బ్సే. క్వినోవా, బక్‌వీట్, రాజగిరా గింజలు శాస్త్రం ప్రకారం గడ్డిజాతి ధాన్యాలు కావు. అయినా జావ కాచితే కార్బ్స్ లెక్కలో ధాన్యాలకి ఏమీ తీసిపోవు. అరటికాయ పిండీ అంతే. జీడిపప్పు విషయంలో కూడా జాగ్రత్త ఉండాలి: 100 గ్రాముల బాదంలో పీచు తీసేస్తే మిగిలే నికర కార్బ్స్ 9 గ్రాములైతే, జీడిపప్పులో 27.

ఒకరికి కావలసినవి

ఇక్కడ టేబుల్‌ స్పూను అంటే 15 మి.లీ. కొలత, కప్పు అంటే 240 మి.లీ. చెంచాలన్నీ తలగొట్టి కొలవండి. చిన్న తూకం యంత్రం ఉంటే గ్రాములనే నమ్ముకోండి. మెత్తగా పట్టిన పొడికీ బరకగా ఉన్న పొడికీ ఒకే చెంచాలో బరువు మారిపోతుంది.

- అవిసె గింజల పొడి: 2 టేబుల్‌ స్పూన్లు (14 గ్రా.)
- బాదం పొడి: 2 టేబుల్‌ స్పూన్లు (14 గ్రా.)
- చియా గింజలు: 1 టేబుల్‌ స్పూను (12 గ్రా.)
- చక్కెర కలపని ఎండుకొబ్బరి తురుము: 2 టేబుల్‌ స్పూన్లు (10 గ్రా.)
- ఉప్పు: పెద్ద చిటికెడు
- దాల్చినచెక్క పొడి: పావు టీస్పూను
- నీళ్ళు: 1 కప్పు. లేదా సగం నీళ్ళు, సగం తీపి లేని బాదం పాలు
- వెన్న లేదా నెయ్యి: 1 టీస్పూను
- గుడ్డు: 1 (ఇష్టమైతేనే)

పొడులన్నీ కలిపి 50 గ్రాములు, నీళ్ళు 240 మి.లీ. దాదాపు ఒకటికి అయిదు. ఈ నిష్పత్తి గుర్తుంటే ఎంతమందికైనా లెక్క వేసుకోవచ్చు.

ఒక్కోదానికీ ఒక్కో పని ఉంది. అవిసె పొడి జావకి చిక్కదనాన్నిస్తుంది, మోతాదు మించితే జిగటనీ ఇస్తుంది. చియా తన బరువుకి దాదాపు పదింతల నీళ్ళు పీలుస్తుంది, మధ్యమధ్య పంటికి తగిలే చిన్న పూసల్లా మిగులుతుంది. బాదం పొడి చిక్కబరచదు గానీ, జిగురు మరీ తీగలు సాగకుండా విరుస్తుంది, కమ్మదనం తెస్తుంది. కొబ్బరి తురుము నమలడానికి ఆనుతుంది, నూక ఉన్న జావ తిన్నట్టు అనిపించేది దాని వల్లే. ఉప్పు మానేయకండి. అది లేకపోతే గింజల జావ ఎంత తీపి కలిపినా చప్పగానే ఉంటుంది.

కార్బ్స్ లెక్క

అవిసెలో పిండిపదార్థాలు చాలావరకు పీచే, 100 గ్రాములకి నికరంగా మిగిలేది 2 గ్రాముల లోపు. చియాలో సుమారు 8, ఎండుకొబ్బరిలో 7–8. పై కొలతల ప్రకారం గిన్నెడు జావలో మొత్తం కార్బ్స్ 14 గ్రాముల పైచిలుకు, అందులో పీచు 11 గ్రాములు. నికరంగా తేలేది 3 గ్రాముల చిల్లర. గుడ్డు వేస్తే అర గ్రాము కూడా పెరగదు, ప్రొటీను మాత్రం 8 నుంచి 14 గ్రాములకి చేరుతుంది. పోల్చి చూడటానికి, 40 గ్రాముల ఓట్సుని ఉత్త నీళ్ళతో కాచినా నికర కార్బ్స్ 22 గ్రాముల దాకా ఉంటాయి.

ఈ లెక్కని చెడగొట్టేది ఎక్కువగా పాలే. కప్పు ఆవుపాలలో 12 గ్రాముల దాకా చక్కెర ఉంటుంది, అంటే జావ మొత్తంలో ఉన్న నికర కార్బ్స్‌కి మూడు రెట్లు పైనే. పాల రుచి కావాలంటే 210 మి.లీ. నీళ్ళకి 30 మి.లీ. చిక్కటి క్రీమ్ కలపండి, పెరిగేది 1 గ్రాము. లేదా 180 మి.లీ. నీళ్ళకి 60 మి.లీ. కొబ్బరిపాలు. డబ్బా బాదం పాలు కొంటే ‘తీపి కలపనిది’ అని ఉందో లేదో చూసి తీసుకోండి.

పొట్లాల మీది పట్టికలు చదివేటప్పుడు ఒక మెలిక ఉంది. అమెరికా పద్ధతిలో కార్బ్స్ అంకెలోనే పీచు కలిసి ఉంటుంది, దాన్ని మనమే తీసేయాలి. ఐరోపా సమాఖ్య పద్ధతిలో పీచు ముందే తీసేసి, విడిగా వేరే వరుసలో చూపిస్తారు. అక్కడ మళ్ళీ తీసేస్తే తప్పుడు లెక్క వస్తుంది. కార్బ్స్ కన్నా పీచు అంకె పెద్దగా కనిపిస్తే అది రెండో రకం పట్టిక అని పోల్చుకోవచ్చు.

తయారీ

1. గిన్నె ఎంచుకోండి. అడుగు మందంగా ఉన్నది, కనీసం ముప్పావు లీటరు పట్టేది కావాలి. పలుచటి గిన్నెలో కొబ్బరి, బాదం అడుగుకి చేరి మాడతాయి.

2. పొడులూ, చియా, కొబ్బరి, ఉప్పు, దాల్చినచెక్క పొడి అన్నీ పొయ్యి వెలిగించకముందే గిన్నెలో వేసి, పొడిగానే బాగా కలపండి. బాదం పొడి ఉండలుంటే వేళ్ళతో చిదమండి. నీళ్ళు పడ్డాక అవి విడవు.

3. చల్లటి నీళ్ళు సగం పోసి విస్క్‌తో గానీ ఫోర్కుతో గానీ గిలకొట్టండి. సమంగా కలిశాక మిగతా సగం పోయండి. నీళ్ళు చల్లగా ఉండాలనడానికి కారణం ఉంది. మరిగే నీళ్ళలో అవిసె పొడి పోస్తే ఒక్కో ముద్ద చుట్టూ జిగురు పొర క్షణాల్లో కట్టేస్తుంది, లోపలి పొడి తడవదు. అలా కట్టిన ఉండలు ఎంత కలిపినా పోవు.

4. రెండు నిమిషాలు కదపకుండా వదిలేసి, మరోసారి కలపండి. చియా గింజలు ఒకదానికొకటి అంటుకునేది ఈ రెండు నిమిషాల్లోనే. రెండోసారి కలపడం మరిచిపోతే అడుగున గుత్తులు గుత్తులుగా తేలతాయి.

5. మధ్యస్థం మంట మీద పెట్టి, గరిటె అడుగుకి తగిలేలా తిప్పుతూ ఉండండి. రెండున్నర, మూడు నిమిషాలకి అంచుల్లో బుడగలు మొదలవుతాయి. వెంటనే మంట తగ్గించి ఇంకో అర నిమిషం ఉంచండి. తెర్లేదాకా ఆగొద్దు.

6. గరిటె ఎత్తి వెనకవైపు వేలితో గీత గీయండి. గీత నిలిచి, కింది అంచు మెల్లగా జారుతుంటే దించే పదును. గీత కదలకుండా బిగుసుకుపోయి ఉంటే ఆలస్యమైనట్టు, రెండు టేబుల్‌ స్పూన్ల వేడినీళ్ళు కలిపి దించేయండి.

7. వెన్న వేసి కలిపి, మూతపెట్టి నాలుగు నిమిషాలు పక్కన ఉంచండి. తర్వాత చూసి, గట్టిగా అనిపిస్తే వేడినీళ్ళు చెంచా చెంచాగా కలిపి జారు చేసుకోండి. ఒకేసారి పోస్తే నీళ్ళు ఒకవైపు, ముద్ద ఒకవైపు అవుతాయి.

గుడ్డు కలిపే పద్ధతి

గుడ్డు వేస్తే జావ మెత్తగా, కస్టర్డ్ పోలికతో వస్తుంది. పొద్దున తిన్నది మధ్యాహ్నం దాకా ఆగాలనుకునేవారు ఇది నేర్చుకోవాల్సిందే. తేడా కొడితే మాత్రం జావలో గుడ్డు పొరటు తయారవుతుంది. అంతా వేడి మీదే ఆధారపడి ఉంది.

జావ ఆరో మెట్టు దాకా వచ్చాక గిన్నె దించి ఒక నిమిషం ఆగండి. ఈలోగా వేరే కప్పులో గుడ్డు కొట్టి, తెల్లసొన తీగలు కనబడనంత వరకు గిలకొట్టండి. ఆ తీగలు మిగిలితే అవే తర్వాత తెల్లటి పోగులవుతాయి. గుడ్డుని ఒక చేత్తో గిలకొడుతూనే మూడు టేబుల్‌ స్పూన్ల వేడి జావ అందులో పోయండి. ఇంకో మూడు పోయండి. కప్పు బయట పట్టుకుంటే గోరువెచ్చదనం దాటి వేడి తెలియాలి. అప్పుడు దాన్ని సన్నటి ధారగా గిన్నెలోకి వంచుతూ కలపండి. గుడ్డులోకి జావ వెళ్ళాలి గానీ జావలోకి చల్లటి గుడ్డు నేరుగా పడకూడదు.

మళ్ళీ పొయ్యి మీద అతి సన్న సెగన ఒకటి, ఒకటిన్నర నిమిషాలు, అడుగు గీరుతూ తిప్పండి. ఆవిరి రావాలి, బుడగ రాకూడదు. వంటగది థర్మామీటరు ఉంటే 71 డిగ్రీల సెల్సియస్ దాటాలి, గుడ్డు భయం లేకుండా తినడానికి అది చాలు. 75 దగ్గర ఆపేయండి. 80 దాటి పైకి పోతే ప్రొటీను బిగుసుకుని రవ్వరవ్వగా విరుగుతుంది, నీళ్ళు వదులుతుంది, గంధకం లాంటి వాసన మొదలవుతుంది. విరగడం కంటపడగానే గిన్నెని చల్లటి నీళ్ళ పళ్ళెంలో దించి గట్టిగా గిలకొడితే సగమైనా దారికొస్తుంది. గుడ్డు వాసన పడనివారు అర టీస్పూను వెనిలా ఎసెన్స్ చివర్లో, దించాక వేయాలి. ముందే వేస్తే ఆవిరితో పోతుంది.

పొయ్యి లేకుండా

మైక్రోవేవ్‌లో చేయాలంటే జావకి మూడింతలు పట్టే గిన్నె తీసుకోండి. జిగురు ఆవిరిని పట్టి ఉంచుతుంది కాబట్టి ఉన్నట్టుండి పొంగుతుంది. 60 సెకన్లు, కలపడం, 30 సెకన్లు, మళ్ళీ కలపడం, ఆపైన మూతపెట్టి నాలుగు నిమిషాలు. గుడ్డు వేస్తే వేడి జావతో పైన చెప్పినట్టే కొద్దికొద్దిగా కలిపి, 15 సెకన్ల విడతల్లో మాత్రమే వేడి చేయండి.

కెటిల్ ఒక్కటే ఉన్నచోట: 50 గ్రాముల పొడిని 60 మి.లీ. చల్లటి నీళ్ళతో ముద్దగా కలిపి రెండు నిమిషాలు ఉంచి, మరిగిన నీళ్ళు 180 మి.లీ. పోసి కలిపి మూతపెట్టండి. అయిదారు నిమిషాలకి సిద్ధం. దీనికి గుడ్డు కుదరదు, అది ఉడికేంత వేడి నిలవదు.

తేడా ఎక్కడ వస్తుంది

జిగటగా, తీగలు సాగుతూ ఉంటే అవిసె ఎక్కువైనట్టే. ఒక టేబుల్‌ స్పూనుకి తగ్గించి, ఆ మేరకి బాదం పొడి పెంచండి. దించాక అదేపనిగా తిప్పినా జిగట పెరుగుతుంది. ఓట్సు నుంచి మొదటిసారి ఇటు మళ్ళేవాళ్ళకి ఒకటిన్నర టేబుల్‌ స్పూన్ల అవిసెతో మొదలుపెట్టడమే నయం. రెండు స్పూన్ల జావ తొలి రోజునే నచ్చేవాళ్ళు తక్కువ.

మరీ పలచగా ఉంటే ముందు గడియారం చూడండి. దించి నాలుగు నిమిషాలు కాకపోతే ఏమీ కలపొద్దు. తొందరపడి ఇంకో చెంచా అవిసె వేస్తే పది నిమిషాలకి అది జావలా ఉండదు. సమయం అయ్యాక కూడా నీళ్ళలాగే ఉంటే అవిసె గింజలు సరిగా పొడి కాలేదని అర్థం. గింజ గింజగా మిగిలిన అవిసె జిగురూ సరిగా వదలదు, కడుపులోనూ అరగకుండా అలాగే బయటికి పోతుంది.

చేదు వస్తే పాత పొడిని అనుమానించండి. అవిసె నూనె గాలి తగిలితే త్వరగా పాడవుతుంది. చెడిన పొడి ఆయిల్ పెయింటు వాసన కొడుతుంది, ఎందుకంటే పెయింట్లలో, వార్నిష్‌లలో వాడే లిన్సీడ్ ఆయిల్ ఈ గింజల నూనే. అలాంటిది పారేయడమే, వేయించినా బాగుపడదు. పొడి తాజాగానే ఉన్నా చేదుంటే, చక్కెరకి బదులు తీపికి వేసిన స్టీవియా ఎక్కువై ఉంటుంది.

ఇసుక నమిలినట్టుంటే కొబ్బరి పిండో, ఇసబ్గోల్ పొట్టో వాడి నీళ్ళు పెంచకపోయి ఉంటారు. కొబ్బరి తురుము వేరు, కొబ్బరి పిండి వేరు. కొబ్బరి పిండి నూనె తీసిన పిప్పి నుంచి వస్తుంది, నీళ్ళు విపరీతంగా పీలుస్తుంది. రెండు టేబుల్‌ స్పూన్ల బాదం పొడికి బదులు రెండు టీస్పూన్ల కొబ్బరి పిండి చాలు, నీళ్ళు 30 మి.లీ. ఎక్కువ పడతాయి.

పైన నూనె తేలిందంటే కొబ్బరిపాలు తెర్లినట్టు. గట్టిగా గిలకొడితే కలిసిపోతుంది, రుచికి లోటు లేదు.

పది పూటల పొడి

రోజూ నాలుగు డబ్బాలు దించే ఓపిక ఎవరికీ ఉండదు, కాబట్టి ఒకసారి కలిపి పెట్టుకోండి. అవిసె పొడి 140 గ్రా., బాదం పొడి 140 గ్రా., చియా 120 గ్రా., కొబ్బరి తురుము 100 గ్రా., ఒక టీస్పూను ఉప్పు, రెండున్నర టీస్పూన్ల దాల్చినచెక్క పొడి. పూటకి 50 గ్రాములు తీసుకుంటే పది పూటలొస్తాయి. ఒకసారి తూచి, ఆ పరిమాణం పట్టే చిన్న కప్పు చూసుకుని అదే డబ్బాలో పడేస్తే మళ్ళీ తూచే పని లేదు. తీసే ముందు డబ్బా కుదపండి, చియా అడుగుకి జారుతుంది.

పొడులు ఇంట్లో పడితే మిక్సీ జారు పూర్తిగా ఆరి ఉండాలి. అవిసెని చల్లటి గింజలుగానే, అయిదారు సెకన్ల విడతల్లో తిప్పండి. జారు వేడెక్కిందంటే పొడి జారుకి అంటుకుని ముద్ద కడుతుంది. బాదం కూడా అంతే, ఆపకుండా తిప్పితే నూనె వదిలి వెన్నలా మారుతుంది. కలిపిన పొడిని గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్‌లో పెడితే నెల నిలుస్తుంది. పొయ్యి పక్క అరలో పెట్టకండి.

మార్పులు, పైన వేసుకునేవి

బాదం పడనివాళ్ళు గుమ్మడి గింజల పొడి గానీ పొద్దుతిరుగుడు గింజల పొడి గానీ అదే కొలతలో వాడొచ్చు. గుమ్మడి వేస్తే జావ పచ్చగా తిరుగుతుంది, అంతకుమించి తేడా లేదు. అవిసె వద్దనుకుంటే దాని స్థానంలో ఇంకో టేబుల్‌ స్పూను చియా, అర టీస్పూను ఇసబ్గోల్ పొట్టు వేయండి. అప్పుడు నీళ్ళు 60 మి.లీ. పెంచి, ఆగే సమయం పది నిమిషాలు చేయాలి. తోలు తీసిన హెంప్ గింజలు ప్రొటీను ఇస్తాయి గానీ చిక్కబరచవు, అవిసెకి అవి బదులు కావు.

తీపికి చక్కెర బదులు ఎరిత్రిటాల్ వాడితే అది చక్కెర తీపిలో 70 శాతమే ఉంటుంది, నాలుక మీద చల్లగా తగులుతుంది. వేడి జావలో ఆ చల్లదనం అంతగా తెలియదు. తేనె ఒక టేబుల్‌ స్పూను వేస్తే 17 గ్రాముల కార్బ్స్ చేరతాయి, మోస్తరు అరటిపండు 24, పెద్ద మెజూల్ ఖర్జూరం ఒక్కటే 16 దాకా. పండు కావాలంటే 50 గ్రాముల స్ట్రాబెర్రీలు గానీ రాస్ప్‌బెర్రీలు గానీ వేసుకోండి, 3 గ్రాములకి మించదు. వాటిని తినే ముందు మాత్రమే వేయాలి. కారం ఇష్టపడేవారు దాల్చినచెక్క మానేసి మిరియాల పొడి, ఉప్పు, ఇంకో చెంచా వెన్నతో చేసుకోవచ్చు. గుడ్డు వేసిన జావకి ఈ ఉప్పు రకమే బాగా నప్పుతుంది.

ఎవరు జాగ్రత్తపడాలి

గిన్నెకి 11 గ్రాముల పీచు అంటే అలవాటు లేని కడుపుకి ఎక్కువే. వారం పాటు సగం కొలత తిని, తర్వాత పెంచండి. తిన్నాక గ్లాసు నీళ్ళు తప్పకుండా తాగండి, లేకపోతే ఉబ్బరం, మలబద్ధకం వస్తాయి. చియా, ఇసబ్గోల్ పొడిగా నోట్లో వేసుకోవద్దు, గొంతులో ఉబ్బి అడ్డుపడే ప్రమాదం ఉంది. ఇన్సులిన్ గానీ చక్కెర తగ్గించే మాత్రలు గానీ వాడేవారు పొద్దుటి ఆహారంలో కార్బ్స్ ఒక్కసారిగా తగ్గిస్తే షుగర్ పడిపోవచ్చు. డాక్టరుతో మాట్లాడి మోతాదు సరిచూసుకున్నాకే మొదలుపెట్టండి. థైరాయిడ్ మాత్ర వేసుకున్న వెంటనే ఇంత పీచు తింటే మందు సరిగా ఒంటబట్టదు, డాక్టరు చెప్పిన వ్యవధి పాటించాలి. కిడ్నీలో ఆక్సలేట్ రాళ్ళు ఉన్నవారు బాదం తీసేసి గుమ్మడి గింజల పొడి వాడటం మేలు.

మిగిలిన జావని చల్లారగానే మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే రెండు రోజులుంటుంది, గుడ్డు వేసినదైతే మర్నాటికి తినేయాలి. తీసేసరికి అది చెంచాతో కోసేంత గట్టిగా ఉంటుంది. నాలుగు టేబుల్‌ స్పూన్ల వేడినీళ్ళు పోసి ముందు చిదిపి, ఆ తర్వాతే సన్న సెగ మీద పెట్టండి. గుడ్డు ఉంటే ఆవిరి బాగా పొగలు కక్కేదాకా వేడి చేసి, తెర్లకముందే దించండి.